ముందు పొయ్యి ఊదు

కళ్ళు మూసుకోమంది ఆ అమ్మాయి. కళ్ళు తెరిచి ఉంచడమే పనిగా బతికినవాణ్ణి పట్టుకుని మూసుకోమంటుందేమిటి అనుకున్నాను. ఘాట్ రోడ్డు మీద రెప్ప వాల్చిన డ్రైవర్లు ఎక్కడ తేలారో నాకు తెలుసు. అయినా అంతమంది మధ్య నేనొక్కణ్ణే గుడ్లప్పగించి కూర్చుంటే ఏం బాగుంటుందని మూసుకున్నాను.

అరకులో ఒక రిసార్టు ముందు పచ్చిక మీద జరుగుతోంది ఇదంతా. విశాఖపట్నం నుంచి కంప్యూటర్ ఉద్యోగాలు చేసే పిల్లల్ని వ్యాను నిండా ఎక్కించుకొచ్చాను. వాళ్ళకి టెన్షన్లు ఎక్కువయ్యాయట. ధ్యానం నేర్చుకుని రమ్మని ఆఫీసువాళ్ళే పంపారు. నేర్పే అమ్మాయి మంచిది. వ్యాను పక్కన నిలబడి టీ తాగుతున్న నన్ను చూసి, "అంకుల్, మీరూ రండి. రోజూ ఘాట్ ఎక్కి దిగుతారు కదా, మీకు మాత్రం టెన్షన్ ఉండదా?" అంది. నాకు నవ్వొచ్చింది. టెన్షన్ సంగతి నన్నే అడగాలి. వెళ్ళి చివరి చాప మీద కూలబడ్డాను.

"ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చుకోండి. ఇప్పుడు పెదాలు కొంచెం ముడిచి, సన్నగా, పొడుగ్గా వదలండి. తొందరేం లేదు," అంటోంది.

పెదాలు ముడిచానో లేదో ముక్కుకి పొగ వాసన తగిలింది. తడి కట్టెల పొగ. కళ్ళు తెరిచి చూస్తే పొగా లేదు, పాడూ లేదు. గడ్డి మీద మంచు, చాపల మీద పిల్లలు, దూరంగా వలిసె పూల పసుపు. మళ్ళీ మూసుకున్నాను. ఈసారి చెవి పక్కనే కేక వినిపించింది.

"ఒరే, పొయ్యినార్పేత్తావా ఏటి? మెల్లగూదు!"

అప్ప కేక అది. అప్ప పోయి చాలా కాలమైంది.

అసలు పేరేమిటో నాకు తెలియదు. మా వైపు అప్ప అంటే అక్క. ఆ ఘాట్‌లో తిరిగే డ్రైవర్లందరికీ ఆమె అప్పే. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా అప్పా అనే పిలిచేవారు. పాడేరు ఘాట్ దిగేటప్పుడు సగం దారిలో, మేం చీకటి మలుపు అని చెప్పుకునే మలుపుకి కాస్త పైన, రోడ్డు పక్కన ఆమె టీ పాక. మూడు రాళ్ళ పొయ్యి, మసిబారిన కెటిలు, ఒక కుంటి బల్ల. పాక వెనక పది కాఫీ మొక్కలు ఉండేవి. కాఫీ పళ్ళు కోసి సంతలో అమ్మేదిగానీ ఒక్క రోజు కాఫీ తాగి ఎరగదు. ఎందుకప్పా అంటే, "అది అమ్ముకునేదిరా, తాగేది కాదు" అనేది. టీ మాత్రం అల్లం దంచి వేసి గొంతు మండేలా పెట్టేది.

పక్క కొప్పు, ముక్కుకి మూడు బంగారు కమ్ములు, నోట్లో అడ్డచుట్ట. అడ్డచుట్ట చూడనివాళ్ళకి చెప్పాలి: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోటి లోపలికి పెట్టుకుంటారు. మా ప్రాంతం ఆడవాళ్ళకి పూర్వం బాగా అలవాటు. అప్ప దాన్ని నోట్లో ఉంచుకునే మాట్లాడేది, తిట్టేది, బేరమాడేది. మాటకో రవ్వంత పొగ వచ్చేది. మమ్మల్ని తెలుగులో తిట్టేది, పొయ్యిని మాత్రం తన కొండ ఒడియాలోనే తిట్టేది. దానికి తెలుగు అర్థం కాదనుకునేదేమో. వానాకాలంలో ఆ కొండ మీద పొడి కట్టె దొరకడం కష్టం గనక పొయ్యికి తిట్లు బాగానే పడేవి.

నేను ఆమె పాకలో మొదటిసారి కూర్చున్న రోజు టీ కోసం కాదు.

అప్పట్లో నేను సర్వీసు జీపు నడిపేవాణ్ణి. చోడవరం నుంచి పాడేరు మీదుగా జి.మాడుగుల దాకా. ఎక్కేటప్పుడు ఉల్లిపాయలు, ఎండు చేపలు, గాజుల పెట్టెలు, సంతకెళ్ళే వర్తకులు. దిగేటప్పుడు పసుపు బస్తాలు, విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. వెనక మెట్టు మీద వేలాడేవాళ్ళు ఎలాగూ ఉంటారు. ఇంటర్ తప్పి స్టీరింగ్ పట్టినవాణ్ణి, ఘాట్ అంటే లెక్కలేదు. ఒక చేత్తో తిప్పేసేవాణ్ణి. ఒళ్ళు బలిసిన రోజులు.

ఒక మబ్బు రోజున నా ముందు ఇంకో జీపు వెళ్తోంది. పొగమంచులో దాని వెనక ఎర్రలైటు ఒక్కటే కనిపిస్తోంది, దాన్ని పట్టుకుని నేనూ పోతున్నాను. చీకటి మలుపు దగ్గర ఆ లైటు ఉన్నట్టుండి లేదు. మలుపు తిరిగిందేమో అనుకున్నాను. తిరగలేదు. కిందికి పోయింది. చెట్లు అడ్డుపడి జనం బతికారు, కాళ్ళూ చేతులూ విరిగాయంతే. అందరినీ మేమే మోసుకుంటూ పైకి తెచ్చాం. ఆ రోజు నాకేమీ కాలేదు. నలుగురికీ ధైర్యం చెప్పింది కూడా నేనే.

తరవాతి వారం అదే మలుపు దగ్గర నా గుండె ఒక్కసారి దడదడా కొట్టుకుంది. చేతులు చల్లబడ్డాయి. గాలి లోపలికి వెళ్తోంది, బయటికి రావడంలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. అక్కణ్ణించి ప్రతిసారీ అంతే. ఎక్కేటప్పుడు ఎలాగో ఎక్కేసేవాణ్ణి, దిగేటప్పుడు ప్రాణం పోయేది. అనకాపల్లిలో డాక్టరు గుండెకి వైర్లు పెట్టి చూసి, "గుండె బ్రహ్మాండంగా ఉందయ్యా. టెన్షన్ తగ్గించుకో" అన్నాడు. టెన్షనేమన్నా టైర్లో గాలా, ఎక్కువైతే కొంచెం తీసెయ్యడానికి! కోపమొచ్చి మందుల చీటీ అక్కడే పారేశాను.

రెండు సంతలు మానేశాను. జీపు ఓనరు ఇంటికొచ్చి, "ఈ సంతకి బండి తీత్తే తియ్యి, నేకపోతే తాళాలిచ్చీ. ఇంకోడున్నాడు" అనేసి పోయాడు. మా ఆవిడకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. నాకొచ్చిన పని ఇదొక్కటే. ఘాట్ దిగలేని డ్రైవరుకి ఏజెన్సీలో ఏం పని ఉంటుంది? తాళాలు జేబులో వేసుకుని ఆ సంతకి వెళ్ళాను. వెళ్ళడం వెళ్ళాను. దిగేటప్పుడు, జీపు నిండా జనంతో, సరిగ్గా అప్ప పాక ముందుకి వచ్చేసరికి నా కాలు దానంతటదే బ్రేకు తొక్కేసింది.

"ఇంజన్ ఏడెక్కిపోనాది. కాసేపాగాల," అని వెనక్కి చెప్పి దిగాను.

"ఈ సలిలోనా?" అన్నాడు ఎండు చేపల వర్తకుడు.

పాకలో కుంటి బల్ల మీద కూర్చున్నాను. చొక్కా చెమటకి తడిసిపోయింది. అప్ప నన్ను పైనుంచి కింది దాకా చూసింది. ఏమైంది అని అడగలేదు. పొయ్యి వెలగడంలేదు, పాకంతా పొగ. పక్కనున్న ఊదుగొట్టం తీసి, కొస కొంగుతో తుడిచి, నా ఒళ్ళో పడేసింది. జానెడున్నర వెదురు ముక్క. ఒకవైపు మసి, రెండోవైపు ఎన్నో నోళ్ళు తగిలి నున్నగా అయిపోయింది.

"ఇంద, ఊదు."

"అప్పా, నాకు గుండెలో ఏటో..."

"ముందు పొయ్యి ఊదు. తరవాత సెబుదువుగాని."

ఆ గొంతుకి ఎదురు చెప్పడం ఎవరి తరమూ కాదు. వంగి, ఉన్న గాలంతా పెట్టి బుస్సుమని ఊదాను. బూడిద లేచి నా మొహాన్నే పడింది. జీపులో జనం గొల్లుమన్నారు.

"ఓలమ్మో, పొయ్యినార్పేత్తావా ఏటి! మెల్లగూదు. నిప్పుకి తెలకండా ఊదాల. మొకం ఇటు తిప్పి ముక్కుతోటి గాలి తీసుకో. పొగ మింగుతావేట్రా, ఇటు తిప్పు! ఆఁ. ఇప్పుడు గొట్టం ఎట్టుకుని సన్నంగా ఒగ్గు. ఇంకా ఒగ్గు. ఇంకా ఉన్నాది నీ కడుపులో, దాసుకుని ఏటి సేత్తావు? ఆఁ. ఇప్పుడాగు. నిప్పుని సూడు."

నిప్పు ఎర్రబడింది. మళ్ళీ మసకబారబోయింది.

"ఇప్పుడు. మళ్ళీ."

మొహం తిప్పి పీల్చడం, గొట్టంలోకి సన్నగా వదలడం, ఆగి నిప్పుని చూడడం. తొందరపడితే బూడిద లేస్తోంది, వదిలేస్తే నిప్పు చస్తోంది. దాన్ని బతికించాలంటే నేను కుదురుగా ఉండక తప్పదు. ఎంతసేపు ఊదానో తెలియదు. కట్టె చివర ఒక చిన్న మంట లేచి, పడిపోబోయి, నిలబడింది. అది నిలబడ్డాక చూసుకుంటే నా చేతులు వణకడంలేదు. గుండె దాని మానాన అది కొట్టుకుంటోంది. కళ్ళ వెంట మాత్రం నీళ్ళు కారిపోతున్నాయి. పొగకి మొదలైన నీళ్ళే, ఆ తరవాత పొగవి కావు. ఆ ఎర్రలైటు మాయమైన రోజున ఏడవాల్సిన ఏడుపంతా అప్పుడొచ్చింది. అంతమంది ముందు మగవాణ్ణి, డ్రైవరుని, వెక్కి వెక్కి ఏడుస్తున్నాను.

అప్ప జీపు వైపు తిరిగి గట్టిగా, "పాడు పొగ. కట్టెలు తడిసిపోనాయి, ఎవులికైనా నీళ్ళే," అంది. తరవాత తన తువ్వాలు నా మీదికి విసిరి, "పొగలే. తుడుసుకో," అంది చిన్నగా.

టీ తాగాక, "ఏటో సెప్తానన్నావు?" అని అడిగింది.

"ఏం లేదప్పా."

"నేకపోతే బేగెల్లు. మబ్బు ఇంకా దిగిపోతే మలుపు అవుపడదు."

మలుపు దగ్గర మళ్ళీ గుండె దడదడలాడింది. ఎదురుగా గొట్టమున్నట్టే పెదాలు ముడిచి సన్నగా ఊదుకుంటూ, బండిని పాకించుకుంటూ తిప్పేశాను. అద్దం మీద నా ఊపిరి ఆవిరి పట్టింది. కింద మైదానంలోకి దిగాక జీపాపి కాసేపు ఊరికే కూర్చున్నాను. తాళాలు నా దగ్గరే ఉండిపోయాయి.

తరవాత ప్రతిసారీ పాక దగ్గర ఆగడమే. నేనేదో కనిపెట్టాననుకున్నానుగానీ, డ్రైవర్లలో చాలామంది నాకంటే ముందు నుంచే ఊదుతున్నారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు అప్ప మందు. ఇంట్లో గొడవపడి వచ్చినవాడూ, ఎదురు బండితో తిట్టుకుని వచ్చినవాడూ, నిద్ర లేక కళ్ళు మండుతున్నవాడూ వచ్చి బల్ల మీద కూర్చుంటే చాలు, గొట్టం ఒళ్ళో పడేది. ఎవరి సంగతీ వినేది కాదు. పొయ్యి వెలిగేసరికి చెప్పాల్సిన సంగతి సగం కరిగిపోయేది, మిగతా సగం టీతో పోయేది.

ఒకసారి కొత్తగా పోస్టింగ్ వచ్చిన పంతులమ్మ నా జీపులో పైకి వెళ్తూ దారంతా ఏడ్చింది. వాళ్ళమ్మ గుర్తొచ్చిందట, ఆ కొండల్లో ఒక్కతే ఎలా ఉండాలో తెలియడంలేదట. పాక దగ్గర ఆపాను. "ఇంద గుంటా, ఊదు," అంది అప్ప. "నేనా?" అంది ఆ పిల్ల. "నువ్వు కాకపోతే నానూదాలా?" అంది అప్ప. ఆ మాట అప్పుడు మేం పట్టించుకోలేదు. పంతులమ్మ ముక్కు మీద మసితో జీపెక్కి, ఊరొచ్చేదాకా ఎవరితోనో ఫోనులో నవ్వుతూ మాట్లాడింది. ఇంకోసారి ఒక పెద్ద కారాయన, టీ ఆలస్యమైందని బల్ల మీద చరిచాడు. ఆయన చేతికీ గొట్టం వచ్చింది. తెల్ల చొక్కా ఆయన. పాపం, ఊదాడు.

మా వాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉండేది. ఒకడు కొండ వెదురు కోసి గొట్టం చేసుకుని, దాన్ని జీపులో స్టీరింగ్ పక్కన కట్టుకుని, భయమేసినప్పుడల్లా అద్దం మీదికి ఊదేవాడు. ఇంకొకడు ప్లాస్టిక్ పైపు ముక్కతో మొదలెట్టాడు. గుణం కనబడలేదని ఇద్దరూ అప్ప దగ్గరికొచ్చి మొరపెట్టుకున్నారు. అప్ప చుట్ట తీసి మరీ నవ్వింది. "నిప్పు నేకండా ఊదితే ఏటొత్తాదిరా, తుంపర్లొత్తాయి!" అంది. ఆ గొట్టంలోనే మహిమ ఉందని మాలో కొందరికి గట్టి నమ్మకం. ఘాట్ దారిలో ఉన్న అమ్మవారి పాదాల దగ్గర కొబ్బరికాయ కొట్టినవాళ్ళు ఆ గొట్టానికి కూడా ఒక దండం పెట్టి ఎక్కేవారు.

ఆమెకి సర్కారు గ్యాసు పొయ్యి వచ్చింది కొన్నాళ్ళకి. సిలిండరు మీద చెక్క వేసి పీటగా వాడుకుంది. పొయ్యి మీద కోళ్ళ గంప బోర్లించింది. "గ్యాసు ముట్టించవేం?" అంటే, "అది పిలవకముందే ఒచ్చేత్తాదిరా. అలాటి సుట్టాన్ని నమ్మకూడదు," అనేది. మైదానం మీద కూడా నమ్మకం లేదు. ఆ వయసు దాకా ఘాట్ దిగి ఎరగదు. "కిందన గాలి బరువు, నాను మొయ్యలేను," అనేది. మేం నవ్వేవాళ్ళం. అదీ ఒక హాస్యమే అనుకున్నాం.

ఒక వానాకాలం పొద్దున్న జీపుతో దిగుతుంటే, అప్ప కూతురు చిలకమ్మ రోడ్డుకి అడ్డంగా చేతులు చాపి నిలబడింది. "మావా, మాయమ్మకి ఊపిరాడతన్నేదు! అంబులెన్సు పైన ఉండిపోనాదట, నీ బండి ఎనకాలే కొండ ఇరిగిపడ్డాదట!" అని ఏడుస్తోంది. పాకలో అప్ప గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా లోపల ఈల వేస్తున్నట్టు చప్పుడు. పెదాలు నల్లబడ్డాయి. నోట్లోగానీ చేతిలోగానీ చుట్ట లేని అప్పని నేను చూడడం అదే మొదలు. చెప్పకుండానే నా జీపులో జనమంతా దిగిపోయారు. వాళ్ళలో ఆ పొయ్యి ఊదనివాడు ఒక్కడూ లేడు.

ముందు సీట్లో నా పక్కన కూర్చోబెట్టాం. చిలకమ్మ వెనక నుంచి పట్టుకుంది. అప్ప చేతిలో ఊదుగొట్టం అలాగే ఉంది. వదలమంటే వదల్లేదు.

నాకు భయం పోయిందని మీరనుకుంటున్నారేమో. అది పోయే రకం కాదు. ఆ మలుపులో ఎప్పుడూ నాకోసం కూర్చునే ఉండేది, నేనే దాన్ని పలకరించి పక్క నుంచి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ రోజు అది పోనివ్వలేదు. ముందు బానెట్టు కూడా కనబడనంత మబ్బు, పక్కన ఆ ఈల. చేతులు చల్లబడిపోయాయి. కాలు బ్రేకు మీదికి పోతోంది. ఆగితే అప్ప దక్కదు. ఆగకపోతే ముగ్గురమూ దక్కం. నాకు మళ్ళీ గాలి బయటికి రావడంలేదు.

మోకాలి మీద ఠపీమని దెబ్బ పడింది. ఊదుగొట్టంతో కొట్టింది అప్ప. మాట రావడంలేదు ఆమెకి. నా వైపు చూసి పెదాలు ముడిచింది. అంతే.

ఊదాను. సన్నగా, కడుపులో ఉన్నదంతా. ఆగాను. మళ్ళీ పీల్చి ఊదాను. పక్క నుంచి ఆమె కూడా నాతో పాటు ఊదడం మొదలెట్టింది. తన ఊపిరి పొట్టిది, నాది పొడుగు. నేను కొంచెం తగ్గించాను, ఆమె కొంచెం పెంచింది. వెనక చిలకమ్మ ఏడుపు మానేసి, "ఒగ్గమ్మా, ఇంకా ఒగ్గు," అంటోంది. పొయ్యి లేదు, నిప్పు లేదు. అలాగే ఊదుకుంటూ చీకటి మలుపు తిరిగాం. అలాగే ఘాటంతా దిగాం. కొబ్బరిచెట్లు కనబడ్డాక అప్ప కళ్ళు తెరిచి, జీవితంలో మొదటిసారి ఆ మైదానాన్ని చూసి, మొహం చిట్లించి మళ్ళీ మూసుకుంది.

ఆసుపత్రిలో మొహానికి గాలి గొట్టం పెట్టారు. రెండోనాటికి తేరుకుంది. నేను వెళ్ళేసరికి ఒక చిన్న నర్సు మంచం పక్కన కూర్చుని, "అమ్మా, ముక్కుతో పీల్చు. ఇప్పుడు పెదాలు ఇలా ముడిచి, పొయ్యి ఊదినట్టు మెల్లగా వదులు," అని నేర్పుతోంది. అప్ప నన్ను చూసి, "ఈ గుంట సూడు, నాకు ఊదడం నేర్పుతన్నాది," అంది. ఆ గొంతు విన్నాక నా ప్రాణం కుదుటపడింది.

ఇంతలో డాక్టరు వచ్చాడు. ఊపిరితిత్తులు పొగకి పాడైపోయాయన్నాడు. ఎన్నాళ్ళ నుంచి ఆయాసమని అడిగాడు.

"దీని బాబు పోయిన ఏడు నుంచి," అంది అప్ప, చిలకమ్మని చూపించి.

చిలకమ్మ బాబుని, అంటే వాళ్ళ నాన్నని, నేను చూడనే లేదు. నేను ఆ ఘాట్‌లో జీపు ఎక్కకముందే పోయాడు. మొదట నాకు అర్థం కాలేదు. డాక్టరు వెళ్ళాక చిలకమ్మని అడిగాను. "అవును మావా. అప్పటి నుంచీ పొయ్యి ఊదలేకపోయీది. నాను బడికెల్లిపోతే పొయ్యెవులూదుతారు? అందుకే గదా ఒచ్చినోడికల్లా గొట్టం ఇచ్చీది," అంది, ఇది అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

నేను మంచం మీద కూర్చున్నాను.

"అయితే అది మందు కాదా అప్పా?"

"మందేటిరా?"

"భయానికి. మేం వణుకుతూ వొచ్చీవోళ్ళం గదా."

"సలేస్తందనుకున్నాను. పొయ్యి కాడ కూకోబెట్టినాను." కాసేపు ఊపిరి తీసుకుంది. "నాకాడ గాలి నేదు. మీకాడ బోల్డుంది, ఊరికే అరిసీసి పారబోత్తన్నారు. పొయ్యిలోకి ఒగ్గమన్నాను. నీ దడ తగ్గిందా?"

"తగ్గింది."

"నా పొయ్యెలిగింది. మరింకేటి?"

చలి అనుకుందట! అన్నేళ్ళు అంతమంది డ్రైవర్లం ఆ వెదురు ముక్కకి దండాలు పెట్టామే! నాకు నవ్వాగలేదు. అప్పా నవ్వబోయింది, దగ్గొచ్చింది, ఆ చిన్న నర్సొచ్చి నన్ను బయటికి తరిమింది. ఆమె నిజంగానే చలి అనుకుందో, నన్ను ఆట పట్టించిందో ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను. మరి ఆ రోజు జీపు వైపు తిరిగి, పాడు పొగ అని అంత గట్టిగా ఎందుకు చెప్పినట్టు? అడిగి ఉంటే, పొగ కాబట్టి పొగన్నాను అనేది.

మళ్ళీ కొండెక్కింది. పొగకి దూరంగా ఉండాలన్నారు కాబట్టి కోళ్ళ గంప కిందనుంచి గ్యాసు పొయ్యి బయటికొచ్చింది. చిలకమ్మ మీట తిప్పితే మంట వచ్చేది. సిలిండరు పీట కూడా లోపలికి పోవడంతో అప్ప పాక బయట రాయి మీద కూర్చుని, ఆ మంట వైపు చూసేది కాదు. మేమూ వచ్చి బల్ల మీద కూర్చుని, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక టీ తాగి పోయేవాళ్ళం. ఒక్కోసారి అప్పే, "ఏటిరా, ఊరికే కూకున్నారు? గాలొగ్గండి," అనేది. అప్పుడు ఆమె చుట్టూ చేరి, ఆ చిన్న నర్సు చెప్పినట్టు అందరం పెదాలు ముడిచి ఆమెతో పాటు ఊదేవాళ్ళం. ఇంతింత మీసాలున్న డ్రైవర్లు రోడ్డు పక్కన వరుసగా కూర్చుని గాలిలోకి ఊదుతుంటే, కార్లలో పోయేవాళ్ళు ఆగి ఫోటోలు తీసుకునేవారు.

ఆ తరవాతి చలికాలంలో పోయింది. పొద్దున్నే ఎండలో కూర్చునే పోయిందని చిలకమ్మ చెప్పింది. నేను అప్పుడు మంచు చూపించడానికి లంబసింగిలో జనాన్ని తిప్పుతున్నాను. ఆ సాయంత్రం అంత మంచు నాకు పరమ అసహ్యంగా కనబడింది.

ఇప్పుడు ఆ పాక హోటలైంది. చిలకమ్మ వెదురు బొంగులో కూరి కాల్చిన చికెన్ అమ్ముతోంది. ఊదుగొట్టం ఇంకా గోడకి వేలాడుతోంది. మొన్న ఒకాయన దాన్ని చూసి, "ఇంత సన్నం బొంగులో చికెన్ ఎలా కూరుతారమ్మా?" అని అడిగాడట. చిలకమ్మ చెప్పుకుని చెప్పుకుని నవ్వింది. నేనూ నవ్వాను. వచ్చేటప్పుడు అది తీసి ఒకసారి నోటి దగ్గర పెట్టుకుని, మళ్ళీ తగిలించేశాను. చల్లారిన మసి వాసన వేసింది.

"నెమ్మదిగా కళ్ళు తెరవండి," అంది ధ్యానం నేర్పే అమ్మాయి.

అందరూ తెరిచారు. నేనూ తెరిచి, ఏళ్ళ అలవాటు కొద్దీ, నిప్పంటుకుందా అని ముందుకి వంగి చూశాను. ఎదురుగా తడి గడ్డి. ఆ అమ్మాయి గబగబా నా దగ్గరికొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది.

"అంకుల్, ఏమైంది? ఏడుస్తున్నారా?"

ఆ గడ్డి మీద అంత పొద్దున్న ఎక్కడా పొయ్యి లేదు. చుట్టూ కొండల మీద కూడా ఎక్కడా పొగ లేవడంలేదు.

"పొగమ్మా," అన్నాను.